చూడటానికి మాత్రమే

నా చేతుల మీదుగా కొన్ని వేల కాగితాలు వెళ్లాయి. వాటిలో ఒక్కటి కూడా నేను పోగొట్టలేదు. ఈ మాట చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఒకటి నా మూలంగానే కదలక రెండు రోజులు కూర్చుండిపోయాక చెప్పుకోవడం మానేశాను. పోగొట్టకపోవడం వేరు, పోనివ్వకపోవడం వేరు. ఆ రెండో విద్యలో నేనెంత ఆరితేరానో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మీరు ఫోను మీద వేలు ఆనించి దరఖాస్తులు పంపేస్తున్నారు. ఇది చదివి నవ్వొస్తే నవ్వుకోండి. కాకపోతే మధ్యలో ఎక్కడో మీ ఆఫీసు కూడా కనబడితే నన్ను తిట్టుకోవద్దు.

ఎనభైల చివర ఒంగోలు నుంచి మస్కట్ వచ్చాను. కొన్నాళ్లు అల్ ఖువైర్‌లో ఒక కంపెనీలో టైపిస్టు పని. ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయం వారి పరిశోధన కార్యాలయంలో కుదిరాను. అక్కడ పరిశోధన ప్రొఫెసర్లది, శోధన మాది. వాళ్లు రాసినవి టైపు చేయడం, మూడు ప్రతులు తీయడం, సంతకాల కోసం తిరగడం, చివర గుండ్రటి నీలం ముద్ర వేయడం. ఆ ముద్రను ఒమానీలు ఖత్మ్ అంటారు. అది లేని కాగితం ఆ దేశంలో కాగితమే కాదు. దాన్ని పెట్టే సొరుగు తాళంచెవి నా దగ్గర ఉండేది. జీవితంలో నేను ఏ రంగంలోనూ ముద్ర వేయలేకపోయాను గానీ, కాగితాల మీద మాత్రం రోజుకు వంద వేసేవాణ్ని.

చేరిన కొత్తలో ఒకసారి అసలు ఫైలు ఇంకో విభాగానికి పంపాను. అక్కడ ఎవరో పెన్నుతో ఒక వాక్యం మార్చి తిప్పి పంపారు. ఆ మార్పు నాదేనని పైవాళ్లు నన్ను నిలబెట్టి అడిగారు. అప్పటినుంచి ఒట్టు పెట్టుకున్నాను. అసలు కాగితం గడప దాటదు. దాటేది నకలు. దాని నెత్తిన ‘చూడటానికి మాత్రమే’ అని ఎర్ర అక్షరాలు. నాకు అనుమానం ఎక్కువ, నేనిచ్చే అనుమతి తక్కువ.

మా విశ్వవిద్యాలయంలో ఒక ఒమానీ భూగర్భ శాస్త్రవేత్త ఉండేది. అందరూ దుక్తూరా అనేవారు, అంటే డాక్టరమ్మ. వాళ్లది బర్కా. సముద్రం ఒడ్డున ఖర్జూరం తోటలు, నిమ్మతోటలు. బావులకు మోటార్లు వచ్చాక నీళ్లు తోడటం ఎక్కువైంది. కింద మంచినీళ్లు తగ్గిన చోటికి సముద్రం మెల్లగా లోపలికి రావడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న తోటలో చెట్లు తలలు వాల్చేశాయి. ఆమె ఆ ప్రాంతంలో పన్నెండు బావులు ఎంచుకుని, నెలనెలా ఒకటో తారీఖున నీటి లోతూ ఉప్పూ కొలిపించేది. అప్పటికి నాలుగేళ్లుగా ఒక్క నెల తప్పలేదు.

“వాన లెక్క తప్పితే పక్క ఊరి లెక్క చూసి సర్దుకోవచ్చు,” అని నాతో ఒకసారి అంది. “బావికి అలా కుదరదు. ఒక నెల కొలవకపోతే ఆ నెల ఇక దొరకదు.”

కొలిచేది కడప జిల్లా నుంచి వచ్చిన తోటపని మనిషి. దుక్తూరా నాన్న తోటలోనే ఉండేవాడు. బరువు కట్టిన టేపు బావిలోకి దించి లోతు చూసేవాడు. చేతిలో పట్టే చిన్న మీటరు నీళ్లలో ముంచి ఉప్పు చూసేవాడు. రెండూ నోటుబుక్కులో తెలుగులో రాసి నాకు పంపేవాడు. నేను వాటిని ఇంగ్లీషులో టైపు చేసేవాణ్ని. అతనికి ఒక దురలవాటు, అంటే నా దృష్టిలో దురలవాటు. అంకెల పక్కన ఖాళీలో ఏవో రాసేవాడు. “నీళ్లు నాలికను కొరుకుతాండాయి.” “ఉత్తరం గాలికి నిమ్మాకు రాలింది.” “ఈ బాయికాడికి పిట్టలు రావడం ల్యా.” నేను వాటిని టైపు చేసేవాణ్ని కాదు. పైగా ఎర్ర సిరాతో ‘అంకెలు మాత్రమే’ అని రాసి పుస్తకం తిప్పి పంపేవాణ్ని. రెండు మూడు నెలలకు అతను రాయడం మానేశాడు. నా దృష్టిలో పుస్తకం శుభ్రపడింది.

ఇదిలా ఉండగా ఒక చిక్కు వచ్చింది. ఈ కొలతలకు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆమోదం ఆ వచ్చే వేసవితో ముగుస్తుంది. బయటినుంచి గ్రాంటు తెస్తేనే కొనసాగింపు అని పైనుంచి తాఖీదు వచ్చింది. లేకపోతే బావులకు మూతలు వేసి దుక్తూరా పూర్తిగా పాఠాలకే పరిమితం కావాలి.

ఆమె అదృష్టమో నా గ్రహచారమో, ఆ ఏడాది అమెరికా నుంచి ఒక పెద్దాయన మా దగ్గరికి అతిథి ప్రొఫెసరుగా వచ్చాడు. ఆయనది కూడా భూగర్భ జలాల పనే. ఇద్దరూ కలిసి అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకదానికి దరఖాస్తు పెట్టుకుందామని నిశ్చయించుకున్నారు. దరఖాస్తు ఆయన సొంత విశ్వవిద్యాలయం పేరున వెళ్లాలి. ఆ సంస్థ వాళ్లు ఆ మధ్యే కాగితాలు మానేసి కంప్యూటరు ద్వారానే తీసుకుంటామన్నారు.

ప్రొఫెసరుగారు రెండు వేళ్లతో టైపు చేసే మనిషి. తన పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి నాకిచ్చేశాడు. “నేను బావులు చూసుకుంటాను, నువ్వు కంప్యూటరు చూసుకో,” అన్నాడు. నేను ఆ చీటీని కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద ముద్ర కొట్టి సొరుగులో దాచాను. ఆయన చూసి, “మా దగ్గర అణుబాంబు తాళాలు కూడా ఇంత భద్రంగా ఉండవు,” అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

ఇక్కడ రోజుల సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో ఒమాన్‌లో సెలవులు గురు, శుక్రవారాలు. అమెరికాలో శని, ఆదివారాలు. మా ఆఫీసు ఏడున్నరకు తెరిచి రెండున్నరకు మూసేస్తారు. మేము మూసిన రెండు మూడు గంటలకు గానీ వాళ్లకు తెల్లారదు. లేబర్ క్యాంపుల్లో పగలు షిఫ్టువాడూ రాత్రి షిఫ్టువాడూ ఒకే మంచం పంచుకుంటారు చూశారా, మాదీ వాళ్లదీ అలాంటి స్నేహం. పరుపు వెచ్చదనమే తప్ప ఒకరి మొహం ఒకరం చూసి ఎరగం. వాళ్ల విశ్వవిద్యాలయంలో ఈ దరఖాస్తులు చూసే అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె పేరు సంతకంలోనే తెలుసు.

దరఖాస్తు గడువు శుక్రవారం, వాళ్ల సాయంత్రం అయిదు గంటలు. మేము బుధవారం మధ్యాహ్నానికే అన్నీ ఎక్కించేశాం. మొత్తం పదిహేను పేజీలు. పదహారో పేజీ ఉంటే చదవరని నియమం. దుక్తూరా మాట మాట తూచి రాసింది. అందులో నాది కూడా ఒక పేరా ఉంది. పద్నాలుగో పేజీలో ‘కార్యాలయ సదుపాయాలు’. మాకు ఫోటోకాపీ యంత్రం ఉందనీ, ఫ్యాక్సు ఉందనీ, ప్రతి పత్రానికీ మూడు ప్రతులు భద్రపరుస్తామనీ ఇరవై రెండు పంక్తులు. ప్రొఫెసరుగారు మర్యాదకు ఉంచేశాడు.

ఆఖరి తెర మీద మూడు గడులు కనబడ్డాయి. మీ విశ్వవిద్యాలయ కార్యాలయం ఈ దరఖాస్తును చూడవచ్చునా? మార్చవచ్చునా? సంస్థకు పంపవచ్చునా? ఏ గడిలో టిక్కు పెడితే ఆ అనుమతి ఇచ్చినట్టు.

చూడటానికి టిక్కు పెట్టాను. మార్చడం దగ్గర నా ఒట్టు గుర్తొచ్చింది. వదిలేశాను. పంపడమా? పంపుతున్నది నేనే కదా, వాళ్లు మళ్లీ పంపడమెందుకు, రెండు ప్రతులు పోతే గందరగోళం కాదూ అనుకుని అదీ వదిలేశాను. కింద బటన్ నొక్కితే ‘భద్రపరచబడింది’ అని వచ్చింది. భద్రం అన్న మాట నాకు ఎంత ఇష్టమో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ప్రొఫెసరుగారు నా భుజం తట్టి, డేరా కారులో వేసుకుని, ఇబ్రా దాటాక వచ్చే ఇసుక తిన్నెల్లోకి వెళ్లిపోయాడు. శనివారం దాకా ఎవరికీ దొరకడు.

శుక్రవారం ఉదయం. అల్ ఖువైర్‌లో మా ఇంటికి దగ్గరలో ఇసుక నేల మీద చాప పరిచి మనవాళ్లు క్రికెట్ ఆడేవారు. నేను స్కోరు రాసేవాణ్ని. నేను ఆడిన బంతులకంటే వెతికిన బంతులు ఎక్కువని గమనించి పుస్తకం నా చేతికిచ్చారు. ఆ రోజు నా పక్కన మా కంప్యూటర్ సెంటర్ ఆపరేటరు కూర్చుని కాళ్లకు ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి.

“ఏం సాబ్, ప్రొఫెసర్ సాబ్ కాగితాలు పోయినయా?”

“బుధవారమే. పకడ్బందీగా పంపాను. అక్కడివాళ్లకు చూడటానికే ఇచ్చాను. వేలు పెట్టే వీల్లేదు.”

“చూడనీకే ఇచ్చిన్రా? మరి పంపేదెవరు?”

“అదేమిటి, మనమే పంపేశాం కదా.”

అతను ప్యాడ్ పట్టీ బిగించడం ఆపాడు. “అరే సాబ్! మనం పంపింది వాళ్ల యూనివర్సిటీ ఆఫీసు దాకా. ఆడికెళ్లి గవర్నమెంటుకు పంపాల్సింది వాళ్లు. మీరు పర్మిషన్ ఇయ్యకుంటే వాళ్లకు ఆ బటనే కనబడదు. చాయ్ కప్పు చేతిల పెట్టి, చూడు గానీ తాగకు అన్నట్టు చేసిన్రు.”

“అయితే దరఖాస్తు ఇప్పుడు ఎక్కడుంది?”

“యాడుంటది? ఆ అమ్మాయి ముంగట కూసోని ఉంటది. ఆమె దాన్ని చూస్తది, అది ఆమెను చూస్తది.”

సరిగ్గా అప్పుడే వికెట్ పడింది. “కంప్యూటర్ రూమ్ చాబీ నా తాన్నే ఉంది, ఫికర్ చేయకున్రి. రెండు ఓవర్లల్ల వస్తా,” అని బ్యాటు పట్టుకుని వెళ్లాడు.

వెళ్లినవాడు రాడే! అంతకుముందు ఎన్నడూ పది దాటనివాడు ఆ రోజు ఎటు కొడితే అటు నాలుగు. నేను ప్రతి నాలుగూ తిట్టుకుంటూ రాస్తున్నాను. మా జట్టు మనిషి అవుట్ కావాలని దేవుణ్ని వేడుకున్నది అదొక్కసారే. నలభై నాలుగు దగ్గర బంతిని ఆకాశంలోకి లేపి క్యాచ్ ఇచ్చి వచ్చేశాడు.

“జిందగీల మొదటిసారి యాభై కొడుతుంటి సాబ్,” అన్నాడు హెల్మెట్ తీస్తూ. “ఏం చేయాలె, మీ మొహం చూస్తే తొమ్మిది వికెట్లు పడ్డ స్కోర్‌బోర్డు లెక్క ఉండె. జుమ్మా నమాజ్ చదివి రెండున్నరకు గేట్ కాడికి వస్తా. మీరు లోపలికి పోయే ఇజాజత్ చూసుకోన్రి.”

గడువుకు ఇంకా గడియలున్నాయి. తలుపుకు కూడా గడియ ఉంది, అదీ బాధ. సెలవు రోజున లోపలికి పోవాలంటే గేటు దగ్గర అనుమతి పత్రం ఇవ్వాలి. వీధి చివరి కార్డు ఫోను నుంచి బర్కాలో దుక్తూరా ఇంటికి చేశాను. ఆమె నాతో మామూలుగా ఇంగ్లీషులో మాట్లాడేది, కోపం వస్తే హిందీలోకి దిగేది. జరిగింది చెప్పాను.

“ఇంకా వెళ్లలేదా?” అంది ఇంగ్లీషులోనే.

“వెళ్లలేదు మేడమ్. నా వల్లే.”

“వస్తున్నాను. గేటు దగ్గర ఉండు.”

హిందీలో నాలుగు తిట్టినా నాకు అంత భయం వేసేది కాదు.

గేటు దగ్గర ముసలి ఒమానీ కాపలాదారు కర్ర ఆనించుకుని కుర్చీలో ఉన్నాడు. కాగితం ఏదన్నాడు. దుక్తూరా కారు బానెట్ మీద పెట్టి అప్పటికప్పుడు ఉత్తరం రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఖత్మ్?” అన్నాడు.

“ముద్ర లోపల ఉంది,” అన్నాను నాకు వచ్చిన అరబ్బీలో.

“తీసుకురా.”

“తేవడానికి లోపలికి పోవాలి కదా.”

“పోవాలంటే ముద్ర కావాలి కదా.” కాస్త ఆలోచించి, “శనివారం రా,” అన్నాడు. ఆయన గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. ఇన్నేళ్లలో నేను ఎంతమంది ప్రొఫెసర్లకు ఇదే గొంతుతో ఇదే మాట చెప్పానో లెక్కలేదు. అవతలి పక్కన నిలబడి వినడం మాత్రం మొదటిసారి.

మా ఆపరేటరు నా చెవిలో, “మీ గురువు దొరికిండు సాబ్,” అన్నాడు.

దుక్తూరా ముసలాయన ఎదురుగా రాతి మీద కూర్చుంది. ఇల్లూ పిల్లలూ అన్నీ అడిగింది. వాళ్ల దేశంలో క్షేమ సమాచారాలు అయితే గానీ పని మాట రాకూడదు. నేను గడియారం చూసుకుంటున్నాను. ఆమె చూసుకోలేదు. ఆయనదీ బర్కా ఉన్న బాతినా తీరమే, ఊరు కాస్త పైన.

“చిన్నాన్నా, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారు?” అంది.

“ట్యాంకరు నీళ్లు తల్లీ. బావి నీళ్లకు మేకలు కూడా మూతి తిప్పుకుంటున్నాయి.”

“ఎందుకలా అయిందో చూడటానికి ఒక కాగితం రాశాను. అది ఇవాళ పోకపోతే ఈ వేసవితో బావులకు మూతలు వేసేస్తారు. అది లోపల ఇరుక్కుపోయింది.” నా వైపు చూపించింది. “ఈ మనిషి ఇరికించాడు.”

ముసలాయన నన్ను తలనుంచి చెప్పులదాకా చూశాడు. తర్వాత లేచి అడ్డుకర్ర పైకెత్తాడు. “శనివారం ఖత్మ్ వేసి తేవాలి,” అన్నాడు నాతో.

ముందు మా ఆఫీసుకు వెళ్లాం. ఫ్యాక్సు యంత్రం కింద మూడు కాగితాలు చుట్టలు చుట్టుకుని నేల మీద పడి ఉన్నాయి. అమెరికా అమ్మాయి పంపినవే. మొదటిది మర్యాదగా ఉంది: నాకు పంపే అనుమతి ఇవ్వలేదు, దయచేసి ఇవ్వండి. రెండోదాంట్లో దయచేసి లేదు. మూడోది ఒకే వాక్యం: అక్కడ ఎవరైనా ఉన్నారా?

సొరుగు తీసి, బుధవారం పనయ్యాక మళ్లీ అంటించిన కవరు మీది నా ముద్రను నేనే చింపి పాస్‌వర్డు బయటికి తీశాను. కంప్యూటర్ గదిలో సెలవని ఏసీ ఆపేశారు. చొక్కాలు తడిసిపోతున్నాయి. తెర మీద ఆ మూడు గడులు తెరుచుకునేసరికి నాలుగున్నర దాటింది. ‘పంపవచ్చు’ దగ్గర టిక్కు పెట్టాను.

“నడుమ గడి సాబ్?” అన్నాడు ఆపరేటరు.

“దానితో పని లేదు,” అన్నాను. చూశారా, అప్పటికీ!

అయిదింటికి వాళ్ల ఆఫీసు తెరుస్తారు, అక్కడ ఉదయం ఎనిమిది. ఫోను కలిసింది.

“నిన్నంతా మోగిస్తూనే ఉన్నాను. మీ ఆఫీసులో మనుషులు లేరా?” అంది ఆ అమ్మాయి.

“మేడమ్, నిన్న గురువారం. ఇవాళ శుక్రవారం,” అన్నాను సంజాయిషీగా.

“మా దగ్గరా అంతే. నిన్న గురువారం, ఇవాళ శుక్రవారం.”

సెలవుల సంగతి వివరించాక ఆమె నవ్వేసి పనిలో పడింది. బటన్ కనబడుతోందంది. నేను ఊపిరి వదిలేలోపు, “ఒక్క నిమిషం, ఇక్కడ పదహారు పేజీలున్నాయి,” అంది.

“పదిహేను మేడమ్. నేనే లెక్కపెట్టాను.”

“మీ కాగితం ఏ సైజు?”

ఏ4 అన్నాను. కాగితమంటే ఏ4 తప్ప ఇంకోటి ఉంటుందని నాకు తెలియదు. అమెరికా కాగితం దానికంటే పొట్టిదట. ప్రతి పేజీ అడుగున ఒకటి రెండు పంక్తులు జారి కిందకు పోయాయి. అన్నీ కలిసి పదహారో పేజీలో అర పేజీ పోగయ్యాయి. కాగితాల మీద బతికినవాణ్ని, కాగితం పొడుగు తెలియక దొరికిపోయాను.

“తగ్గించి మళ్లీ ఎక్కించండి,” అంది. ప్రయత్నించాం. మా లైను సగందాకా వెళ్లి తెగిపోయింది. రెండోసారీ అంతే. దుక్తూరా కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. గోడ గడియారం ఆరు దాటింది.

అప్పుడు ఆ అమ్మాయి, “మంగళవారం సరిచూడమని మీ ప్రొఫెసరు మెయిల్లో పంపిన ఫైలు నా దగ్గరుంది. ఏం తీసేయాలో చెబితే నేనే తీసి ఎక్కిస్తాను. కానీ మార్చే అనుమతి మీరు ఇంకా ఇవ్వలేదు,” అంది.

ఫోను స్పీకరులో ఉంది. దుక్తూరా నా వైపు తిరిగింది.

“ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంది?”

“ఎవరైనా మార్చేస్తారేమోనని...”

“ఎవరు? ఈమేనా?”

ఫోనులోంచి ఆ అమ్మాయి టీయో కాఫీయో తాగుతున్న చప్పుడు వినబడుతోంది. మూడు ఫ్యాక్సులు పంపి, నిన్నంతా ఖాళీ గదికి ఫోను మోగించి, పొద్దున్నే వచ్చీ రాగానే మా కోసం కూర్చున్న మనిషి. ఆమె ఏం మార్చేస్తుందని నా భయం? నడుమ గడిలో టిక్కు పెట్టాను.

ఇప్పుడు అర పేజీ తీసేయాలి. దుక్తూరా ప్రతి ముందు పెట్టుకుని పెన్ను పట్టుకుంది. బావుల పటమా? తీయలేదు. నాలుగేళ్ల కొలతల పట్టికా? పెన్ను దాని మీద ఆగింది, మళ్లీ పైకి లేచింది. ఆమె పద్నాలుగో పేజీ తిప్పి, చూసి, మళ్లీ వెనక్కి తిప్పేసింది. నా ఎదుట ఆ మాట అనలేకపోయింది.

“మేడమ్,” అన్నాను ఫోనులోకి, “పద్నాలుగో పేజీలో కార్యాలయ సదుపాయాలని ఒక పేరా ఉంది. మొత్తం తీసేయండి.”

“మొత్తమా? చక్కగా రాశారే.”

“చక్కగానే ఉంది. అవసరం లేదు.”

ఇరవై రెండు పంక్తులు పోయాయి. పదిహేనో పేజీ అడుగున మూడు పంక్తుల చోటు కూడా మిగిలింది. విజ్ఞాన శాస్త్రానికి నేను చేసిన సేవ ఏమిటని మనవలు అడిగితే, ఆ ఖాళీ అని చెబుతాను.

పది నిమిషాల తర్వాత ఆమె పంపేశానని చెప్పి, రసీదు సంఖ్య చదివింది. నేను రాసుకుని రెండుసార్లు తిరిగి చదివి వినిపించాను. దుక్తూరా ఒక్క మాట అంది, ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని. తర్వాత హిందీలో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నా ప్రాణం కుదుటపడింది.

అలవాటు చొప్పున ముద్ర చేతిలోకి తీసుకున్నాను. దేని మీద వేయాలో తోచలేదు. పోయింది కంప్యూటరులో, దానికి వేసే చోటు లేదు. చివరికి గేటు ఉత్తరం మీద వేసి, వెళ్తూ వెళ్తూ ముసలాయనకు ఇచ్చాను. “శనివారం అన్నాను కదా,” అని, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారెక్కుతూ ఆపరేటరు అన్నాడు: “మూడు గడులు నింపిన్రు, ఖుషీ. మీ స్కోర్ బుక్కుల నా నలభై నాలుగును జెర యాభై చేయరాదు సాబ్? ఆ పర్మిషన్ మీకుండె గదా.”

అది మాత్రం చేయలేదు. మనిషి ఒక్కరోజులో ఎంతని మారతాడు!

ఆ ఏడాది వేసవి ముగియక ముందే గ్రాంటు వచ్చింది, మూడేళ్లకు. ఒక్క ఒకటో తారీఖు కూడా తప్పలేదు. జవాబుతోపాటు దరఖాస్తును చదివిన ముగ్గురు నిపుణుల అభిప్రాయాలు కూడా వచ్చాయి. మూడు ప్రతులు తీస్తూ చదివాను. ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో ఆయనా మెచ్చుకున్నాడు గానీ చివర ఇలా రాశాడు: అంకెలు బాగున్నాయి, నెలనెలా ఆ బావి పక్కన నిలబడే మనిషికి ఇంకేమీ కనబడటం లేదా?

యంత్రం ప్రతులు తీస్తూనే ఉంది. నేను మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాను. ఆ మనిషికి ఏం కనబడిందో ప్రపంచంలో ఒక్కడికి తెలుసు. వాడే ఎర్ర సిరాతో ఆపేశాడు.

తర్వాతి ఒకటో తారీఖున దుక్తూరాతోపాటు బర్కా వెళ్లాను. పాత నోటుబుక్కు అయిపోవచ్చింది. కొత్తది నేనే గీతలు గీసి తీసుకెళ్లాను. తేదీకి ఒక గడి, లోతుకు ఒకటి, ఉప్పుకు ఒకటి. పక్కన ఇంకో గడి, మిగతా మూడూ కలిపినంత వెడల్పు. దానికి పేరు పెట్టలేదు.

కడప మనిషి పుస్తకం తిప్పి చూశాడు. “ఏంది సార్, ఈ గడికి పేరు మర్సిపోయినావా?”

“మర్చిపోలేదు.”

“మరి దీంట్లో ఏం రాయాల?”

“నీకు కనబడింది.”

నా మొహంలోకి అనుమానంగా చూశాడు. “రాసినాక ఎర్ర సిరాతో గీకవు గదా?”

“గీకను.”

అతను టేపు దించాడు, లోతు చూశాడు. మీటరు ముంచి అంకె చూశాడు. ఆ తర్వాత దోసిట్లోకి కొంచెం నీళ్లు తీసుకుని పుక్కిలించి ఊశాడు. తోటవైపు చాలాసేపు చూశాడు. బావి గట్టున కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ఆ వెడల్పాటి గడిలో రాయడం మొదలుపెట్టాడు. ఒక పంక్తి అయింది, రెండోది అయింది.

నేను మెల్లగా వెనక చేరి మెడ చాచాను. అతను ఎడమ చేత్తో పేజీ మూసేశాడు.

“రాయనీ సార్, అయినాక సూద్దువు.”

నేను వెళ్లి నిమ్మచెట్టు కింద నిలబడ్డాను.